పల్లెబడులలో సహాయసాధనములు

ఈ వ్యాసము చూపు గాని వినికిడి గాని తక్కువయైన విద్యార్థుల కొఱకు మాత్రమే వ్రాయబడినది కాదు. కన్నులును చెవులును చక్కగా పనిచేయువారికిని, వారి తలిదండ్రులకును గూడ వ్రాయబడినది. ఏలయన, అట్టి బాలుడు చదువు సాగించుట వానియొక్కని చేతిలో నున్న పని కాదు. ప్రక్కబల్లమీది స్నేహితుడు, పాఠము చెప్పు పంతులుగారు, ఇంట కనిపెట్టి చూచు తల్లి, వీరందఱును కొంచెము కొంచెము తెలిసికొన్నగాని ఆ పని నెరవేరదు.

సహాయసాధన మనగా నేమి? శరీరములో నొక శక్తి కొఱతపడినప్పుడు ఆ కొఱతను దాటి పనిచేయుటకు తోడ్పడు వస్తువు. ముసలివారి చేతికఱ్ఱ సహాయసాధనమే. మనలో ననేకులు ముక్కుపై ధరించు కంటియద్దములు సహాయసాధనమే. అయితే కంటియద్దములను జూచి ఎవరును జాలిపడరు; చెవి మిషనును జూచి జాలిపడుదురు. ఈ భేదము ఏల కలిగెనో మాకు తెలియదు గాని, అది బడిపిల్లలకు చాల కీడు చేయుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక పల్లెటూరి బడికి పోయి యుంటిమి. ఆఱవ తరగతిలో కడపటి బల్లపై నొక బాలిక కూర్చుండి యుండెను. పేరు పెట్టి పిలిచినను పలుకలేదు. తరగతి ఉపాధ్యాయుడు, “ఆ అమ్మాయికి బుద్ధి కొంచెము మందమండీ” అనెను. మేమును అట్లే యనుకొంటిమి. ఈ మాట దాచుట న్యాయము కాదు. మధ్యాహ్న భోజనవేళ వంటచేయు నామె మాయొద్దకు వచ్చి, “దానికి బుద్ధికేమీ లోటు లేదయ్యగారూ, చెవి వినపడదు. క్యాంపులో మిషనిచ్చినారు. వాళ్లమ్మ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది” అని చెప్పెను. సాయంకాలము ఆ ఇంటికి పోతిమి. తల్లి పెట్టె తెఱచి, పసుపుగుడ్డలో చుట్టిన యా మిషనును తీసి చూపినది. “పెట్టుకొంటే కీచుమని కూస్తుందయ్యా. పక్క పిల్లలు నవ్వుతారు. బ్యాటరీలు ఇచ్చినవి అయిపోయినాయి, మా ఊళ్లో దొరకవు. పొలంలో పోగొట్టుకొంటే మళ్లీ ఎవరిస్తారు?” అనెను. ఈ నాలుగు మాటలలో నొక్కటియు తెలివితక్కువ మాట కాదు. ఆమె ప్రశ్నలకు సమాధానము చెప్పువా రెవరును ఆ ఊరికి రాలేదు, అదియే లోపము.

కావున మొదట చెవి మిషనును గూర్చి కొంత విపులముగా చెప్పెదము.

చెవి వెనుక తగిలించు మిషనులో మూడు భాగములు ముఖ్యములు: శబ్దమును గ్రహించు మైకు, దానిని పెద్దది చేయు యంత్రము, పెద్దదైన శబ్దమును చెవిలోనికి పంపు చిన్న స్పీకరు. ఈ శబ్దము సన్నని గొట్టముద్వారా పోయి, చెవి తొఱ్ఱకు సరిపోవునట్లు అచ్చుతీసి చేసిన మెత్తని బిళ్లలోనుండి లోపలికి చేరును. ఈ అచ్చుబిళ్ల వదులైనయెడల లోపలికి పోవలసిన శబ్దము వెలుపలికి కాఱి, మఱల మైకులో పడి, మఱల పెద్దదై, మఱల వెలుపలికి వచ్చుచు కీచుమని కూయును. సభలలో మైకును స్పీకరు దగ్గఱకు తెచ్చినప్పుడు కలుగు కూత ఇట్టిదే. బిడ్డ ఎదుగుచున్నకొలది చెవియు నెదుగును. అచ్చుబిళ్ల మాత్రము ఎదుగదు. కావున ఎదుగు పిల్లలకు దానిని అప్పుడప్పుడు క్రొత్తగా తీయింపవలెను. కూయు మిషను చెడిపోయిన దనుకొని పెట్టెలో పెట్టువారు చాలమంది కలరు. మిషను చెడలేదు, చెవి పెరిగినది.

ఇక బ్యాటరీ. ఇందులో వాడు గుండీవంటి బ్యాటరీలు గాలి సోకినప్పుడే పనిచేయును. వీని వెనుక అంటించియుండు రంగుకాగితమును ఊడదీయగానే గాలి చొరబడి శక్తి పుట్ట నారంభించును. ఆ కాగితమును మఱల అంటించినను ప్రయోజనము లేదు. కావున వాడుకకు ముందు మాత్రమే ఊడదీయవలెను. ఊడదీసి ఒక నిమిషమో రెండు నిమిషములో ఆగి మిషనులో నుంచుట మంచిది. రాత్రి పడుకొనునప్పుడు బ్యాటరీ తలుపు తెఱచి పెట్టినయెడల మిషను ఆగియుండును, లోపలి తేమయు నాఱును. మన దేశములో మిషనుకు గొప్ప శత్రువు చెమట. మూత గట్టిగా పట్టు డబ్బాలో తేమ పీల్చు గుళికల పొట్లము నుంచి, అందులో రాత్రివేళ మిషనును భద్రపఱుపవలెను. అచ్చుబిళ్లను మిషనునుండి విడదీసి గోరువెచ్చని సబ్బునీటితో కడుగవచ్చును. మిషనును మాత్రము నీటికి చూపరాదు.

మఱియొక సంగతి గురువులు తెలిసికొనవలెను. మిషను చెవుడును పోగొట్టదు. శబ్దమును పెద్దది చేయును. పంతులుగారి మాటతోపాటు పంకా మ్రోతయు, వీథిలో ట్రాక్టరు మ్రోతయు, రేకుల కప్పుపై వానచప్పుడును పెద్దవి యగును. బయలు ప్రదేశమున మాటలాడువానికి మనము రెండింతల దూరము పోయినయెడల శబ్దము ఆఱు డెసిబెల్లులు తగ్గును. అనగా కడపటి బల్లపై కూర్చున్న పిల్లకు ఎంత మంచి మిషను పెట్టినను, మొదటి బల్లపై కూర్చుండుటచే కలుగు లాభము కలుగదు. నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచు మాటలాడు అలవాటు మాలో ననేకులకు కలదు. అట్టివేళ పెదవుల కదలికయు కనబడదు, మాటయు గోడకు తగిలి పోవును. ఇది మానుటకు ఖర్చు లేదు. అయినను మానుట కష్టము.

ఇక్కడ అమెరికా దేశపు సంగతి యొకటి చెప్పవలసియున్నది. అచట వికలాంగులైన పిల్లల విద్యను గూర్చి 1975లో నొక చట్టము పుట్టెను. 1990లో దానికి క్రొత్త పేరు పెట్టి సవరించినప్పుడు, సహాయసాధనము వేఱనియు, సహాయసాధన సేవ వేఱనియు రెండు నిర్వచనములు చేర్చిరి. సేవ యనగా బిడ్డకు ఏమి కావలెనో పరీక్షించుట, దానిని సంపాదించి యిచ్చుట, శరీరమునకు సరిపఱచుట, చెడినప్పుడు బాగుచేయించుట, బిడ్డకును కుటుంబమునకును ఉపాధ్యాయునకును వాడుక నేర్పుట. ఇన్నియు అందులో చేరినవి. 1997నుండి ఇట్టి ప్రతి విద్యార్థికిని వ్రాయు విద్యాప్రణాళికలో సహాయసాధనము అవసరమా కాదా యని తప్పక ఆలోచింపవలెనని కట్టుబాటు చేసిరి. పసుపుగుడ్డలోని మిషనును జూచినప్పుడు మాకు ఈ రెండు నిర్వచనములే జ్ఞప్తికి వచ్చినవి. ఆ తల్లికి సాధనము చేరినది, సేవ చేరలేదు.

అమెరికాలో గూడ పల్లెల కష్టము పల్లెలకు కలదు. ఒక చిన్న విద్యామండలమున చూపులేని పిల్లవాడు ఒక్కడే యుండవచ్చును. వాని కొఱకొక ప్రత్యేకోపాధ్యాయుని పూర్తి జీతమిచ్చి యుంచుట ఆ మండలమునకు శక్యము కాదు. అందుచే కొన్ని మండలములు కలిసి యొక నిపుణుని నియమించుకొనును. అతడు వారమున నొకనాడు ఒక బడికి, మఱునాడు వేఱొక బడికి మోటారులో తిరుగుచుండును. న్యూయార్కు రాష్ట్రము 1948లోనే చిన్న మండలములు ఇట్లు సేవలను పంచుకొనుటకు చట్టము చేసెను. రాష్ట్రములలో సాధనములను అరువిచ్చు కేంద్రములును కలవు. వస్తువును కొనుటకు ముందు బిడ్డ కొన్నివారములు వాడి చూచును. సరిపడకున్న తిరిగి యిచ్చివేయును. ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. పెండ్లికి చెప్పులు కొనునప్పుడైనను తొడిగి చూచి కొందుము గదా!

చూపులేని వారి చదువునకు ఆధారమైన బ్రెయిలీ లిపిని గూర్చి ఇపుడు చెప్పెదము. ఈ భాగమును విద్యార్థులు పెన్సిలు చేతబట్టి చదువుదురు గాక.

లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సుదేశమున కూవ్రే యను పల్లెలో జన్మించెను. తండ్రి గుఱ్ఱపుజీనులు కుట్టువాడు. మూడేండ్ల వయస్సున ఆ పిల్లవాడు తండ్రి పనిముట్టుతో ఆడుకొనుచు కన్ను పొడుచుకొనెను. తరువాత రెండవ కన్నును పోయెను. బార్బియే యనువాడు పండ్రెండు చుక్కలతో కల్పించిన పద్ధతిని ఇతడు విని, దానిని ఆఱు చుక్కలకు తగ్గించి, 1824 నాటికి, పదునైదేండ్ల వయస్సుననే, తన లిపిని కుదిర్చెను. ఆఱు చుక్క లేలయనగా, ఆఱు చుక్కల గడి వ్రేలికొన క్రింద ఒక్కమాఱుగా ఇముడును. పండ్రెండు చుక్కలది ఇమడదు.

గడిలో ఎడమవైపున పైనుండి క్రిందికి 1, 2, 3 చుక్కలు. కుడివైపున 4, 5, 6 చుక్కలు. వీనిలో కొన్నిటిని ఉబ్బించి, కొన్నిటిని విడిచినయెడల 63 ఆకృతులు కలుగును. మన తెలుగు అక్షరములన్నియు ఇందులో ఇమిడినవి. 1 చుక్క ‘అ’. 1, 3 చుక్కలు ‘క’. 1, 2, 3 చుక్కలు ‘ల’. 1, 2, 3, 4 చుక్కలు ‘ప’. కావున ‘పలక’ యని వ్రాయుటకు మూడు గడులు చాలును. గుణింతము మన పుస్తకములలో అక్షరము పైనను క్రిందను వచ్చును. బ్రెయిలీలో అట్టి వీలు లేదు, అచ్చు హల్లు తరువాత ప్రత్యేకపు గడిలో వచ్చును. ‘పులి’ యనుటకు ప, ఉ, ల, ఇ అని నాలుగు గడులు. ‘ఉ’ 1, 3, 6 చుక్కలు. ‘ఇ’ 2, 4 చుక్కలు. ఇక ఒత్తులు. 4వ చుక్క ఒక్కటే యున్న గడి పొల్లునకు గుఱుతు. అది హల్లునకు ముందు వచ్చును. ‘అమ్మ’ యనుటకు మొదట అ, తరువాత 4వ చుక్క, తరువాత మ, మఱల మ వ్రాయవలెను. ‘మ’ 1, 3, 4 చుక్కలు. ఒత్తు క్రిందికి దిగదు. అన్నియు ఒకే వరుసలో నడచును.

మన దేశమున మిస్ ఆనీ షార్ప్ అను దొరసాని 1887లో అమృతసరమున అంధులకు మొట్టమొదటి పాఠశాల స్థాపించినది. ఆ తరువాత చాలకాలమువఱకు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా చుక్కలు కుదుర్చుకొనుటచే, ఒక బడిలో నేర్చినవాడు వేఱొక బడి పుస్తకమును చదువజాలక పోయెను. 1951లో భారతీ బ్రెయిలీ యను పద్ధతి ఏర్పడి, తెలుగు ‘క’యు హిందీ ‘క’యు తమిళ ‘క’యు ఒకే చుక్కలతో వ్రాయుట కుదిరినది. కంటికి వేఱువేఱుగా కనబడు లిపులు వ్రేలికి ఒక్కటే యగుట మాకు వినోదముగా తోచుచున్నది.

వ్రాయుటకు కావలసినవి బ్రెయిలీ పలకయు, మొనగల పుల్లయు, దళసరి కాగితమును. పలక యనగా గడులు తెఱచియున్న రేకుపట్టీ. కాగితమును దాని క్రింద బిగించి పుల్లతో గ్రుచ్చవలెను. గ్రుచ్చిన చుక్క కాగితపు రెండవ వైపున ఉబ్బును. కావున కుడినుండి ఎడమకు, అద్దములోని నీడవలె తలక్రిందుగాక ప్రక్కలు మార్చి వ్రాసి, కాగితమును త్రిప్పి ఎడమనుండి కుడికి చదువవలెను. చూపుగల మన విద్యార్థులు దీనిని ప్రయత్నించి చూతురు గాక. ‘పలక’ యను మూడక్షరములకే మేము రెండు కాగితములు పాడుచేసితిమి. అమెరికాలోని పెర్కిన్సు పాఠశాలవారు 1951లో వెలువఱచిన యంత్రమున ఆఱు చుక్కలకు ఆఱు మీటలుండుటచే ఎడమనుండి కుడికే వ్రాయవచ్చును, వ్రాసినది వెంటనే తడిమి చూచుకొనవచ్చును. అయితే అది వెలయెక్కువది, బరువైనది, పల్లెబడికి తఱచుగా రాదు.

లెక్కలకు టెయిలరు చట్టమని యొకటి కలదు. ఎనిమిది కోణముల రంధ్రములలో చిన్న లోహపు కణికలను ఏ వైపునకు త్రిప్పి నిలిపిన ఆ అంకె యగును. దేశపటములకు వెల లేని ఉపాయము కలదు: అట్టపై జిగురుతో దారమంటించిన సముద్రతీరము, ఇసుక చల్లిన ఎడారి, చింతగింజ పెట్టిన పట్టణము. ఇట్టి పటమును చేయుటలో చూపుగల పిల్లలను నియోగించినయెడల వారికిని గోదావరి ఎటు తిరుగుచున్నదో మఱపునకు రాదు.

బ్రెయిలీ పుస్తకములు స్థూలమైనవి. మన చేతిలో నిముడు ఒక వాచకము బ్రెయిలీలో అనేక సంపుటములగును. ఈ కష్టమును కంప్యూటరు చాలవఱకు తగ్గించినది. తెరపై నున్న అక్షరములను పైకి చదివి వినిపించు ఎన్.వి.డి.ఎ. యను ప్రోగ్రామును ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడైన మైకేల్ కరన్ 2006లో ప్రారంభించెను. చూపులేని అతని మిత్రుడు జేమ్స్ టే అతనితో కూడెను. దానిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. సెల్ ఫోనులోను ఇట్టి సౌకర్యము కలదు, తెలుగును చదువును. అంధులు చదువగల రూపములో పుస్తకముల ప్రతులు చేయుటకు గ్రంథకర్తృత్వపు హక్కులు అడ్డు రాకుండునట్లు 2013లో మరాకెషు పట్టణమున దేశములు ఒడంబడిక చేసికొనినవి. 2014లో దానిని మొదట ధ్రువపఱచినది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ మను ఆన్‌లైను గ్రంథాలయము ప్రారంభమైనది.

అయినను తెలుగువారికొక చిక్కు మిగిలియున్నది. ముద్రాక్షరశాలలలో చిరకాలమునుండి వాడుచున్న పాత కంప్యూటరు లిపులలో తెలుగు అక్షరమువలె కంటికి కనబడునది, యంత్రమునకు మాత్రము అర్థములేని ఇంగ్లీషు గుఱుతుల ప్రోగు. చదువు మనగా అది పిచ్చికేకలు పెట్టును. పుస్తకపు పుటలను ఫోటో తీసి పంపినను అంతే. యంత్రము దానిని బొమ్మ యనుకొనును. కావున పాఠములు వ్రాసి పంచిపెట్టు ఉపాధ్యాయులు యూనికోడు లిపిలోనే టైపు చేయుదురు గాక. ఇది మా పత్రికను కూర్చు మిత్రులకు గూడ మనవి.

చూపు పూర్తిగా లేని పిల్లలకంటె కొంత చూపుగలవారే ఎక్కువ. వీరికి బ్రెయిలీ యక్కఱ లేకపోవచ్చును. భూతద్దము, పుస్తకము ఏటవాలుగా నిలుపు చెక్క, నల్లని లావుగీతలు గల నోటుపుస్తకము, కిటికీకి ఎదురుగాక ప్రక్కగా చోటు, ఇంతమాత్రముననే చదువు సాగును. వెలుగు ఓర్వలేని పిల్లవానిని తరగతిలో టోపీ పెట్టుకొననీయక శిక్షించిన సంగతి మేమెఱుగుదుము. ఆ టోపీయే వాని సాధనము.

చక్రములకుర్చీ పిల్లలను గూర్చి ఒక్కమాట. మెట్టు అడుగెత్తు ఉన్నచో, వాలుదారి పండ్రెండడుగుల పొడవుండవలెను. మూడడుగులలో ముగించిన వాలుదారులు జారుడుబల్లలే గాని వేఱు కావు.

మన చట్టమేమి చెప్పుచున్నది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యము గల విద్యార్థులకు పదునెనిమిదేండ్లవఱకు పుస్తకములను, తగిన సహాయసాధనములను ఉచితముగా ఇయ్యవలెను. ఆఱునుండి పదునెనిమిదేండ్ల పిల్లలు ఇంటి దగ్గఱి బడిలో గాని, ప్రత్యేక పాఠశాలలో గాని, తామెంచుకొన్నచోట ఉచితముగా చదువుకొనవచ్చును. దీనికి వైద్యుల ధ్రువపత్రము కావలెను. ఆంధ్రప్రదేశమున దీనిని సదరం సర్టిఫికెట్టని వాడుదురు. 1972లో స్థాపింపబడిన కాన్పూరు ప్రభుత్వ సంస్థ, అలింకో యనునది, ఇట్టి సాధనములను తయారుచేయుచున్నది. మన మండలములలో భవిత కేంద్రములును, అందు పనిచేయు ప్రత్యేకోపాధ్యాయులును గలరు. అమెరికా పల్లెలలో బడినుండి బడికి తిరుగు నిపుణునివంటి వారే వీరు. అయితే మోటారు లేదు, బస్సు దొరికినప్పుడు వత్తురు.

వారు వచ్చిన దినమున బడి సిద్ధముగా నుండవలెను. అందుకై మేమొక నోటుపుస్తకమును ఆ పల్లెబడివారిచేత పెట్టించితిమి. ఏ బిడ్డకు ఏ సాధనము, ఎన్నడు వచ్చినది, ఎన్నడు చెడినది, తరువాతి అచ్చుబిళ్ల ఎప్పుడు, బ్యాటరీలు ఎన్ని మిగిలినవి, ఇంతే అందు వ్రాయుదురు. తరగతి మాఱినప్పుడు ఆ పుస్తకము క్రొత్త ఉపాధ్యాయుని చేతికి పోవును. ఒక ఉపాధ్యాయుని బదిలీతో ఒక బిడ్డ చదువు చెడుట మేము కన్నులార చూచినందున ఈ ఏర్పాటు చేయించితిమి.

ఆ బాలికకు క్రొత్త అచ్చుబిళ్ల వచ్చుటకు మూడు నెలలు పట్టినది. తండ్రి రెండుమాఱులు కూలి మానుకొని పట్టణమునకు తీసికొనిపోయెను. మొదటి దినములలో ఆమె మిషనును గంటసేపైనను ఉంచుకొనలేదు; ఇన్నాళ్ల నిశ్శబ్దము తరువాత బడిగంట చప్పుడు భరింపరానిదయ్యెను. దినమునకు కొంచెము కొంచెముగా అలవాటైనది. కీచుకూతకు నవ్విన పిల్లలలో నొకతె బ్యాటరీ మార్చుట నేర్చుకొన్నది. పోయిన సంవత్సరము మేము పోయినప్పుడు ఆ బాలిక ముందుబల్లపై నుండెను. మేము నల్లబల్లవైపు తిరిగి మాటలాడుచుండగా చేయెత్తి, “ఇటు తిరిగి చెప్పండి సారూ” అనెను.